ఆ పూలు ఎవరు పెట్టారు

అమెరికాలోని ట్రాయ్‌లో వంటింటి కౌంటర్ మీద ఐప్యాడ్ నిలబెట్టుకుని, ఆవిడ కూతురి మొహంకన్నా ఆ వెనకాల కదులుతున్న బ్యాంకాక్ వీధినే ఎక్కువ చూస్తోంది. అక్కడ దిగి ఒక పూట కూడా కాలేదు. ఒక్కదాన్నే వచ్చానంటోంది పిల్ల.

“పక్కన ఎవరున్నారు?”

“ఎవరూ లేరమ్మా. అందరూ రోడ్ మీద వెళ్లేవాళ్లే.”

“తల్లో ఆ పూలేంటి?”

“జాస్మిన్. ఇక్కడ సిగ్నల్ దగ్గర అమ్ముతున్నారు.”

“గుడికి వెళ్తూ నేను పెడితే కార్‌లోనే పీకేసేదానివి. ఇప్పుడు ఎవరు కొనిపెట్టారు?”

“నేనే కొన్నా.”

“పెట్టిందెవరు? నీకు పెట్టుకోవడం రాదుగా.”

“నేనే పెట్టుకున్నా. నువ్వు అసలు నమ్మవు.”

“ఏదీ, వెనక్కి తిరుగు.”

పిల్ల విసుగ్గా తిరిగింది. దండ ఒక చెవి మీదికి జారిపోయి, చిప్స్ ప్యాకెట్‌కి పెట్టే క్లిప్పుతో వేలాడుతోంది. ఇంకొకరి చెయ్యి పడితే అంత వంకరగా ఉండదు.

“మరెందుకు కొన్నావే?”

“స్మెల్ వచ్చింది. నువ్వు తడిగుడ్డలో చుట్టి పెడతావు కదా, మన ఫ్రిజ్ తీస్తే వచ్చే స్మెల్.”

ఆవిడ ఐప్యాడ్‌ని కాస్త దగ్గరికి లాక్కుంది.

“అమ్మా, పూలమ్మే ఆంటీ నా తల చూపించి, దేవుడి బొమ్మ చూపిస్తోంది. ఇవి దేవుడికే అనుకుంటా. తీసెయ్యనా?”

“దేవుడికి ఇంకో దండ కొను. అది మాత్రం తియ్యకు.”