అనుమతి పత్రం రెండో పేజీ

పాత శాసనసభ భవనం చూడడానికి పిల్లలు బయలుదేరేది రేపు ఉదయం. అక్కణ్ణుంచి వచ్చిన అనుమతి పత్రంలో రెండో పేజీ కూడా ఉందని హెడ్మాస్టరు ఇవాళే గమనించారు. వెంటనే ఏడో తరగతి టీచరమ్మను పిలిపించారు.

“కొంప మునిగిందమ్మా! పిల్లలు ఆ హాల్లో కూర్చుని అరగంటసేపు చర్చ జరపాలట. అధికారులు చూస్తారట.”

“చర్చా! నోటిమీద వేలేసుకుని నడవడం నేర్పమని మీరేగా అన్నారు? పది రోజులు అదే నేర్పాను.”

“ఇప్పుడెళ్లి ఆ వేలు తీయించండి.”

ఆవిడ వెళ్లి పావుగంటలో తిరిగివచ్చారు.

“మాట్లాడండర్రా అంటే అందరూ బుద్ధిగా తలూపుతున్నారు సార్. సభ్యత బాగా వచ్చింది గానీ, సభ్యుడొక్కడూ తయారవలేదు.”

“మన బడిలో నోరున్నవాళ్లే లేరా?”

“ఎందుకు లేరు? అల్లరి చేస్తారని మీరు జాబితాలోంచి కొట్టేసిన అయిదుగురూ నోరున్నవాళ్లే. అందులో మన వాగుడుకాయ అయితే గోడతో కూడా వాదిస్తుంది. పేరు కొట్టేసిన రోజంతా ఏడ్చింది పాపం.”

“ఆ పిల్లని రమ్మనండి. చర్చ నడిపేది తనే.”

“వస్తూ వస్తూ అడిగాను సార్. రానంది.”

“రానందా! ఎందుకట?”

“మిగతా నలుగురినీ తీసుకెళ్తేనే వస్తుందట. నోటిమాట చాలదు, కాగితం మీద మీ సంతకం కావాలట.”

“చర్చ రేపనుకున్నాను, అప్పుడే ఓడిపోయాను. ఆ పెన్నిలా ఇవ్వండి.”