పన్నెండు నుంచి ఒంటిగంట దాకా

సభాధ్యక్షులు, మన ఊరి హాలు కమిటీకీ బౌల్స్ క్లబ్బుకీ కూడా పెద్దదిక్కైన క్లిఫర్డ్ హేగ్ గారికి, ఈ వానలో కొండ రోడ్డు మీద కారు తోలుకుంటూ వచ్చిన కౌంటీ ఆఫీసు ఫిలిప్పా గారికి, ముందు వరసలో కూర్చున్న బౌల్స్ క్లబ్బు పెద్దలకి, నేను రిటైరయ్యాక, సోమవారం నుంచి నా కుర్చీలో కూర్చోబోతున్న జెమ్మాకి, థార్న్‌బెక్ నర్సరీ తల్లిదండ్రులకి, ఈ బల్లల కింద దూరి కేకు తింటున్న నా అసలు యజమానులకి, అందరికీ నమస్కారం.

నా గురించి ఇప్పటిదాకా చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. నోరీన్ ఓల్డ్‌రాయిడ్‌కి భూదేవంత సహనం అన్నారు హేగ్ గారు. అబ్బే, అంత లేదండీ. నాకు కోపం ఎక్కువ. పిల్లల ముందు చూపించకూడదు కాబట్టి ఇన్నాళ్ళూ దాచుకున్నాను, ఇవాళ్టితో ఆ అవసరం తీరిపోయింది. (నవ్వులు) నవ్వండి నవ్వండి, ఇంకో అయిదు నిమిషాల తర్వాత కూడా నవ్వితే సంతోషిస్తాను.

ప్రభుత్వం వారు పసిపిల్లల కోసం నర్సరీలో ఉచిత గంటలు ఇస్తున్నారు. వారానికి ముప్పై గంటలు. తల్లీ తండ్రీ నిశ్చింతగా పనిలోకి వెళ్ళాలని. మంచి ఆలోచనే, నేనేమీ అనను. కానీ ఫిలిప్పా గారూ, మీరు నొచ్చుకోకండి, ఆ గంటలు చేతికి రావాలంటే ముందు ఉద్యోగం ఉండాలి, ఉద్యోగం రావాలంటే ముందు పిల్లని ఎక్కడో ఒకచోట వదలాలి. ఇందులో ముందేది వెనకేది అని మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, లైన్లో ఉండమని వాయిద్యం వినిపిస్తారు. ఆ వాయిద్యం నాకిప్పుడు నిద్రలో కూడా వినిపిస్తుంది. పోనీ ఎలాగో ఆ గంటలు వచ్చాయే అనుకుందాం, మూడు నెలలకోసారి మళ్ళీ కంప్యూటర్లోకి వెళ్ళి, ఈ బిడ్డ ఇంకా నా బిడ్డే, నేనింకా పనిచేస్తూనే ఉన్నాను అని చెప్పుకోవాలి. మూడు నెలల్లో పిల్ల ఆవిరైపోతుందా అమ్మా? (నవ్వులు) మరిచిపోయారో, గంటలు పోయాయి. అలా పోగొట్టుకుని ఈ గుమ్మంలో నిలబడి ఏడ్చిన తల్లులు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను. చూపు తిప్పుకోకు తల్లీ, నిన్ను కాదు.

అయినా అదంతా లండన్‌లో కూర్చున్న వాళ్ళ తెలివి. వాళ్ళ మీద అరిచి లాభం లేదు, వినపడదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది మనం, ఈ హాల్లో ఉన్నవాళ్ళం చేసిన తెలివైన పని గురించి.

మన నర్సరీకి సొంత ఇల్లు లేదు. ఈ హాలే. పొద్దున్నే వచ్చి ఈ స్టేజీ కింది అర తెరిచి, చిట్టి కుర్చీలూ, బల్లలూ, ఇసక తొట్టీ, బొమ్మల పొయ్యీ అన్నీ బయటికి ఈడ్చి సర్దుతాం. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ లోపలికి తోస్తాం. అది సరే, ఈ దేశంలో సగం పల్లెటూళ్ళ నర్సరీలు అలాగే నడుస్తాయి. కానీ మేం రోజుకి ఒకసారి కాదు, వారంలో మూడు రోజులు రెండేసి సార్లు సర్దుతాం. ఎందుకంటే సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా హాలు బౌల్స్ క్లబ్బుది, తివాచీ పరిచి దాని మీద బంతులు దొర్లించే ఆట వాళ్ళది. పన్నెండింటికి పిల్లలు బయటికి, అమ్మానాన్నల చేతికి, తివాచీ లోపలికి. ఒంటిగంటకి తివాచీ చుట్టేసి, పిల్లలు లోపలికి.

హేగ్ గారూ, మీరెప్పుడైనా నిద్రపోతున్న పిల్ల కాలికి వానబూటు తొడిగారా? రెండేళ్ళ పిల్లలకి సరిగ్గా పన్నెండుకి కాస్త ముందే కళ్ళు మూతలు పడతాయి. ఎవరు నేర్పారో తెలీదు, లోకంలో అందరు పిల్లలకీ అదే వేళ. అప్పుడే జెమ్మా గడియారం చూస్తుంది, నేను నిట్టూరుస్తాను, ఇద్దరం కలిసి ఒక్కొక్కళ్ళనీ లేపి, వేలాడే తలకి టోపీ, వేలాడే చేతికి కోటు, వేలాడే కాలికి బూటు. వాళ్ళు ఏడుస్తారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు ఏడుస్తారు. గుమ్మంలో మీరు మీ బంతుల సంచీలు పట్టుకుని నిలబడి, "అయ్యో, ఇవాళ ఏమిటో చిరాగ్గా ఉన్నారు పాపం" అంటారు. (నవ్వులు) ఇవాళ కాదండీ, ప్రతి సోమ, బుధ, శుక్రవారాలూ. ఓసారి తివాచీకి ఎర్రరంగు పిండిముద్ద అంటుకుందని కమిటీ నాకు మూడు పేజీల ఉత్తరం రాసింది. అందులో ఒక పేజీ ఆ మరక బొమ్మ.

ఇదంతా పడ్డాను. పడేదాన్నే. డీన్ ఆక్రాయిడ్ లేకపోతే ఇవాళ కూడా కేకు తిని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేదాన్ని.

అదుగో, వెనక తలుపు దగ్గర, భుజం మీద పిల్లని వేసుకుని నిలబడ్డాడే, ఆ అబ్బాయే డీన్. దాక్కోకు నాయనా, ఇక్కడ అందరికీ నువ్వు తెలుసు. కూతురు ఈడీని ఒక్కడే పెంచుకుంటున్నాడు. పొద్దున పూట పబ్బులో నేల తుడుస్తాడు, పన్నెండింటికి పరిగెత్తుకొస్తాడు. ఇల్లు లోయ అవతల. గంటలో వెళ్ళి రావడం అయ్యే పని కాదు. అందుకని ఎదురుగా బస్టాపులో నిలబడతాడు. అవును, నిలబడతాడు. కూర్చుంటే ఈడీ లేస్తుంది. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో చీజ్ శాండ్‌విచ్, పక్కనుంచి వాన జల్లు. ఆ గంటసేపూ ఈ కిటికీలోంచి నాకు వాళ్ళిద్దరూ కనిపిస్తారు. మీరు తివాచీ మీద చూపు నిలిపి ఉంటారు కాబట్టి మీకు కనపడరు.

మొన్న ఒకరోజు ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళాను. "లోపలికి రావయ్యా, వంటగదిలో అయినా నిలబడు" అన్నాను. "వద్దులెండి నోరీన్ గారూ, ఆటలో ఉన్నారు, పిల్ల ఏడిస్తే వాళ్ళకి ఇబ్బంది. మాకు అలవాటైపోయింది" అన్నాడు. అలవాటైపోయిందట! ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళ పిల్లకి బస్టాపులో నిద్ర అలవాటు కావడమేమిటి?

అప్పుడే చెప్పాడు, లోయ అవతల చీజ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తామన్నారట. తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా, వారానికి అయిదు రోజులు, పర్మనెంటు. ప్రభుత్వం ఇచ్చే గంటలకి అతికినట్టు సరిపోతుంది. "మరింకేం, చేరిపో" అన్నాను. "వారంలో మూడు రోజులు మధ్యలో గంటసేపు బస్టాపులో నిలబడి వస్తానంటే ఏ ఫ్యాక్టరీ ఒప్పుకుంటుందండీ?" అన్నాడు నవ్వుతూ. రేపు పొద్దున్నకి ఏ సంగతీ చెప్పాలట. లేదనే చెప్పబోతున్నాడు.

ఇప్పుడు మీరు నవ్వడం లేదు. మంచిది.

ఈ గంట మార్చమని నేను అడగలేదా? నెత్తీ నోరూ కొట్టుకున్నాను. హాలు కమిటీకి వెళితే, "అది బౌల్స్ క్లబ్బు వ్యవహారం నోరీన్ గారూ" అన్నారు హేగ్ గారు. సరేనని బౌల్స్ క్లబ్బు మీటింగుకి వెళితే, అక్కడా హేగ్ గారే కూర్చుని ఉన్నారు. "సభ్యులు కానివాళ్ళు ప్రతిపాదన పెట్టకూడదు, రూలు" అన్నారు. సభ్యుల్ని ఒక్కొక్కళ్ళనీ బతిమాలాను. ఒకరేమో క్లిఫర్డ్‌కి కోపం వస్తుందన్నారు, ఒకరేమో చూద్దాం అన్నారు. ఆ చూడడం ఇంకా అవుతూనే ఉంది.

అయితే ఇందాక, నేను మాట్లాడ్డానికి లేచే ముందు, హేగ్ గారు ఎంతో ఆప్యాయంగా నా కోటుకి ఈ బిళ్ళ గుచ్చారు. ఏమని చెప్పారు? "నోరీన్ గారు ఇకమీదట మా క్లబ్బుకి జీవితకాల గౌరవ సభ్యురాలు" అన్నారు. మీరంతా చప్పట్లు కూడా కొట్టారు.

కాబట్టి, అధ్యక్షా! బౌల్స్ ఆటని మధ్యాహ్నం పన్నెండు నుంచి తీసి సాయంత్రం నాలుగున్నరకి మార్చాలని సభ్యురాలిగా నేను ప్రతిపాదిస్తున్నాను.

(కలకలం, నవ్వులు, వెనక నుంచి చప్పట్లు)

ఏమంటున్నారు హేగ్ గారూ? ఇది మీటింగు కాదు, టీ పార్టీనా? క్లబ్బు మొత్తం ఇక్కడే ఉంది కదండీ! మామూలు మీటింగుకి ఇందులో సగం మంది కూడా రారు. కేకు ఉంటే వస్తారని తెలిసింది కదా, ఇకనుంచి పెట్టించండి. ఆ గంటలో పిల్లల్ని చూసేదెవరా? జెమ్మా వాళ్ళే. పిల్లలు తిండి డబ్బాలు ఇంటినుంచి తెచ్చుకుంటారు, వాళ్ళతో పాటే వీళ్ళూ తింటారు. జెమ్మా తల ఊపుతోంది చూడండి.

నన్ను బలపరిచేదెవరు? ఎవరైనా? డొరొతీ గారా? లేవకండి, లేవకండి, మోకాళ్ళు నొప్పి కదా, చెయ్యెత్తితే చాలు.

ఏమిటి డొరొతీ గారూ, కాస్త గట్టిగా... వినండి అందరూ, ఆవిడేమంటున్నారంటే, "బలపరుస్తాను గానీ నోరీన్, చలికాలం నాలుగు దాటితే చీకటి, ఆ వేళకి బస్సు ఉండదు. రాత్రిపూట కారు తోలితే నాకు రోడ్డు కనపడదు. ఇవాళంటే మా మనవడు దింపాడు. రోజూ దింపుతాడా?" అంటున్నారు. హేగ్ గారు తల ఊపుతున్నారు. మీకూ అంతేనా? మరి ఇన్నాళ్ళూ ఆ ముక్క చెప్పరేం? రూలు రూలు అని ప్రాణం తీశారు! చీకట్లో కళ్ళు కనపడవని చెప్పుకోవడానికి నామోషీనా?

రిటైరయ్యాక సోమ, బుధ, శుక్రవారాల్లో విట్బీలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళి, సముద్రం ఒడ్డున కూర్చుని, ఎవరి ముక్కూ తుడవకుండా, ఎవరికీ కోటు తొడగకుండా టీ తాగుదామనుకున్నాను. దానికి ఉత్తరం కూడా రాసేశాను. సరే, పోనివ్వండి. మంగళవారం వెళతాను. సముద్రం ఎక్కడికీ పోదు.

నాకు కారు ఉంది. కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ మూడు రోజులూ మీ అందరినీ తీసుకొచ్చేదీ, ఇళ్ళ దగ్గర దింపేదీ నేనే. రెండు విడతలు వేస్తాను. కానీ ముందే చెబుతున్నాను, కోట్లు ఎవరివి వాళ్ళే తొడుక్కోవాలి. (నవ్వులు) ఇంకేమైనా సాకు ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి.

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. డొరొతీ గారు. ఆ పక్కన ఇద్దరు. వెనక వరస... ఆహా, వెనక వరస మొత్తం. తల్లిదండ్రులు దించండి, మీకు ఓటు లేదు. హేగ్ గారూ, ఆ చెయ్యి ఓటుకేనా, చెవి గోక్కోవడానికా? ఓటుకేనట! మీరు కాస్త పైకెత్తితే అందరికీ కనపడుతుంది. చాలు. చాలండీ. లెక్కపెట్టక్కర్లేదు.

నాతో ఇన్నేళ్ళు చిన్న కుర్చీల్లో కూర్చుని నడుములు పోగొట్టుకున్న జెమ్మాకీ, తిట్టినా మళ్ళీ పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకీ, ఫోన్లో నేనరిచిన అరుపులన్నీ పడ్డ ఫిలిప్పా గారికీ, ఇవాళ మాట దక్కించిన అధ్యక్షులకీ నా కృతజ్ఞతలు.

డీన్, రేపటి దాకా ఎందుకు నాయనా, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు వాళ్ళు ఉంటారు. పిల్లని ఇలా నా చేతికి ఇచ్చి, బయటికెళ్ళి ఇప్పుడే ఫోన్ చెయ్యి. సోమవారం వస్తున్నానని చెప్పు. మెల్లిగా, మెల్లిగా... ఆఁ, పట్టుకున్నాను. వెళ్ళు.

మీరెవరూ చప్పట్లు కొట్టకండి, ఈడీ నిద్రపోతోంది. సెలవు.