నారుమడికి పంటి మందు

మిరప నారుమడి గట్టుమీద కూర్చుని ఆయన మొక్కలు చూసుకుంటుంటే, వాచిన దవడ పట్టుకుని భార్య వచ్చింది.

“ఏమయ్యా, నా పంటినొప్పికి తెచ్చుకున్న లవంగ నూనె సీసా ఏదీ?”

“అది... మొన్న నారుకు కొట్టానే.”

“నారుకా? మిరప మొక్కలకేమన్నా పళ్లున్నాయా?”

“మొదలు కుళ్లి పడిపోతున్నాయి కదా. ఆ నూనెకి బూజు చస్తుందని మీ తమ్ముడే చెప్పాడు.”

“వాడి మాట విని నా దవడ మీదికి తెచ్చావా! అయినా నీళ్లలో నూనె ఎట్టా కలిసింది?”

“నీ షాంపూ పోశా.”

“అదీ అయిపోయిందా! కాస్త పౌడరు కూడా రాయకపోయావా, పెళ్లికి తీసుకుపోదుము!”

“అరవకే, దవడ లాగుద్ది. ముందు మడి చూడు. మొన్నటి నుంచి ఒక్క మొక్కా పడలేదు. సీసా చిన్నది, పక్క మడికి చాల్లేదు. అక్కడింకా పడుతూనే ఉన్నాయి.”

ఆవిడ వంగి ఈ మడీ చూసింది, ఆ మడీ చూసింది.

“అయితే కూర్చున్నావేం? బండి తియ్యి. ఇంకో సీసా పట్రా.”

“నీ పంటికా?”

“పన్నుదేముంది, పీకిస్తే పోద్ది. ఆ మడి పోతే ఏడాదంతా నమలడానికేముంటుంది?”