ఎర్తు గుంటలకు నీళ్లు పోసిన శ్రీ దారా జక్రయ్య గారు

వెయ్యిన్నీ తొమ్మిది వందల యాభై ఒకటవ సంవత్సరం జూలై నెల పదహారవ తేదీ సోమవారం ఉదయాన, చీరాల విద్యుత్ కార్యాలయం గుమ్మం ముందు చెప్పులు విడిచి, చేతిలో ఉత్తర్వు కాగితం పట్టుకొని, లోపలికి రమ్మని ఎవరైనా పిలుస్తారేమోనని అరగంట సేపు నిలబడిన ముప్పై ఏడేళ్ల వ్యక్తి శ్రీ దారా జక్రయ్య గారు. అంతకు పూర్వం పన్నెండేళ్ల పాటు గుంటూరులోని ఒక పత్తి మిల్లులో ఇంజను దగ్గర పనిచేసి, దూది ధూళి వల్ల తగ్గని దగ్గును వెంట తెచ్చుకొని, ఆ రోజున వారు మన శాఖలో హెల్పరుగా చేరారు. నాటి నుండి ఈ జూన్ ముప్పయ్యో తేదీ వరకు, రెండు వారాలు తక్కువగా పద్దెనిమిది సంవత్సరాలు, వారు మనలో ఒకరుగా ఉన్నారు.

ఏనాడూ ఆలస్యంగా రాలేదని వ్రాయడం ఇటువంటి వ్యాసాలలో ఆనవాయితీ. జక్రయ్య గారు తరచుగా ఆలస్యంగానే వచ్చేవారు. దారిలో ఎవరి పెరట్లోనైనా ఎర్తు గొట్టం వంగి కనిపిస్తే సైకిలు ఆపి, దానిని సరిచేసి, మట్టి చేతులతో వచ్చి హాజరు పట్టీలో సంతకం చేసేవారు. ఆ పుటల అంచున ఆ మట్టి మరకలు నేటికీ ఉన్నాయి.

ఎర్తు అంటే ఏమిటో మన ఉద్యోగులకు చెప్పనక్కర లేదు గాని, ఈ సంచికను ఇంటికి తీసుకువెళ్లి చదివించే వారి కోసం రెండు మాటలు. ఫ్యానులోనో మోటారులోనో తీగె చెడి, కరెంటు దాని ఇనుప ఒంటికి పాకినప్పుడు, అది మనిషి శరీరం గుండా కాక తిన్నగా భూమిలోకి దిగిపోయేందుకు వేసే దారి ఎర్తు. పెరట్లో నిలువెత్తు గొయ్యి తవ్వి, అందులో ఇనుప గొట్టం నిలిపి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పరుస్తూ, నీళ్లతో తడుపుతూ పూడ్చాలి. గుంట తడిగా ఉన్నంత కాలమే ఆ దారి పనిచేస్తుంది.

చీరాలలో నేతగాళ్ల ఇళ్లకు కరెంటు వస్తున్న తొలి రోజులలో ఈ గుంటల పని జక్రయ్య గారిదే. ఒక ఇంట్లో అంకమ్మ గారనే వృద్ధురాలు, ఉప్పు బస్తాతో దిగిన వారిని చూసి నవ్వు ఆపుకోలేక, "ఏమయ్యో, ఉప్పు తెచ్చావు గాని జాడీ ఏదీ? మా పెరట్లో ఆవకాయ పెడతావా ఏంది?" అని అడిగిందట. "పెడతానమ్మా. కాకపోతే మీ ఆవకాయకి తడి తగిలితే బూజు పడుద్ది, నా ఆవకాయకి తడి తగలకపోతే చెడుద్ది" అని వారు జవాబు చెప్పారు. ఆ సాయంత్రానికల్లా వీధి వీధంతా వారిని ఊరగాయల జక్రయ్య అని పిలవడం మొదలుపెట్టింది. వారు నొచ్చుకోలేదు సరికదా, ఆ పేరుతో పిలిస్తేనే చప్పున పలికేవారు. వైరుమన్‌గా పదోన్నతి వచ్చిన యాభై ఆరులో చీరాల విడిచి వెళ్తుంటే, అంకమ్మ గారు నిజంగానే ఒక చిన్న జాడీ ఆవకాయ ఇచ్చి పంపారని జక్రయ్య గారి భార్య శ్రీమతి ఎలీసమ్మ గారు చెప్పారు. జక్రయ్య గారు హాయిగా నవ్వుతూ పనిచేసిన కాలం అదేనని కూడా ఆమె అన్నారు.

ఇక వ్రాయవలసిన సంగతి సంతోషకరమైనది కాదు. పదవీ విరమణ సంచికలో ఇటువంటిది తగదని మన సంఘంలో కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. అది లేకపోతే తన గురించి అసలు ఏమీ వ్రాయవద్దని జక్రయ్య గారు పట్టుబట్టారు. కనుక వ్రాస్తున్నాము.

యాభై ఆరులో వారికి దర్శి వైపు బదిలీ అయింది. అక్కడి నల్లరేగడి వానాకాలంలో కాలు దిగబడే బురద. మిరప కోతలు ముగిసి, పత్తి చేలు ఖాళీ అయిన తరువాత అదే నేల చెయ్యి పట్టేంత వెడల్పున నెర్రెలు విచ్చుకుంటుంది. నేల గొట్టాన్ని వదిలేసి పక్కకు జరిగిపోతుంది. గుంటకు రోజూ నీళ్లు పోస్తే తప్ప ఎర్తు నిలవదు. కాని బిందెడు మంచినీళ్ల కోసం ఆడవాళ్లు మైలు దూరం నడిచే ఊళ్లలో, ఇనుప గొట్టానికి నీళ్లు పోయమని ఏ నోటితో చెప్పగలరు? బాగా ఆలోచించి వారు ఒక ఉపాయం కనిపెట్టారు. ఎర్తు గుంటను అంట్లు తోమే చోటు పక్కనే తవ్వితే, ఎలాగూ పారబోసే నీళ్లు దానికి చాలు.

యాభై తొమ్మిది జనవరిలో ఒక గ్రామంలో మిరప, పత్తి పండించే చెంచురామయ్య గారి ఇంటికి కరెంటు ఇచ్చారు. ఊరి పేరు వ్రాయవద్దని జక్రయ్య గారు కోరారు. తన పేరు మాత్రం వ్రాయమని చెంచురామయ్య గారే చెప్పి పంపారు. వైరుమన్ పుట్టిన పేట ఏదో తెలుసుకున్నాక, అప్పటి అలవాటు ప్రకారం వారిని పెరటి దారినే రమ్మన్నారు. ఇంటావిడ నాంచారమ్మ గారు దూరంగా నిలబడి అడిగారు: "తాగటానికే నీళ్లు లేక చస్తుంటే ఈ గొట్టానికి ఎక్కడ పొయ్యనయ్యా?"

"మంచినీళ్లు వద్దమ్మగారూ. అంట్ల నీళ్లు ఇటు వదిలితే చాలు. ఈ గుంటని మీ ఇలవేలుపులాగా చూసుకోండి. ఇంటిల్లిపాదినీ కాపాడేది ఇదే."

సామాన్య జనానికి సాంకేతిక విషయాలు వారి భాషలో చెప్పాలని పైఅధికారులు మనకు ఉపదేశిస్తుంటారు. జక్రయ్య గారు అదే చేశారు. తాను కొలిచే దేవుడు వేరైనా, వినే మనిషి మనసుకు పట్టే మాట చెప్పారు. నాంచారమ్మ గారు ఆ మాటను మనసుకు పట్టించుకున్నారు, అయితే ఇలవేలుపు అన్న రెండో మాటను మాత్రమే. ఏడాది తిరిగేసరికి గొట్టానికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు. శుక్రవారం శుక్రవారం దీపం పెట్టసాగారు. ఇలవేలుపు మీదికి ఎంగిలి నీళ్లు పోవడం అపచారమని అనిపించి, ఇటికెలు అడ్డం పెట్టి అంట్ల నీళ్లను మునగచెట్టు వైపు మళ్లించారు. ఆమెకు నిర్లక్ష్యమనేదే లేదు. ఆ ఊళ్లో అంత శ్రద్ధగా చూసుకున్న గుంట మరొకటి లేదు.

అరవై ఒకటి మే ఆరవ తేదీన జక్రయ్య గారు ఆ పక్క పనిమీద వెళ్లి ఆ పెరటి వాకిట్లో ఆగారు. జేబులో పరీక్ష బల్బు ఉంది. దాని ఒక తీగె కరెంటుకు, రెండోది ఎర్తుకు తగిలిస్తే, ఎర్తు బాగుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, గుంట ఎండితే మిణుకుమంటుంది. నిమిషం పని. ఆయన లోపలికి అడుగు వేయబోతుంటే నాంచారమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అటు రామాక జక్రయ్యా. అక్కడ పూజ చేసుకుంటున్నాం. నువ్వు చెప్పినట్టే చూసుకుంటన్నాంలే."

వాకిలి దగ్గరి నుంచే వారికి పసుపు గొట్టం, అలికిన నేల, ముగ్గు కనిపించాయి. చెప్పిన మాట ఒక ఇంట్లోనైనా విన్నారని తనకు ఆ క్షణాన ఎంతో గర్వం కలిగిందని జక్రయ్య గారు చెప్పారు. నేల పొడిగా ఉండటం చూసి కూడా గమనించలేదన్నారు. బల్బు జేబులోంచి తీయకుండానే వెనుదిరిగారు.

పద్దెనిమిది రోజుల తరువాత, మే ఇరవై నాలుగవ తేదీ మధ్యాహ్నం, ఆ ఇంటి కోడలు మల్లేశ్వరి గారు చేతులు కడుక్కొని వచ్చి, భోజనం చేస్తున్న మామగారి వైపు ఇనుప ఫ్యాను జరపబోయి, దానిని పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయారు. ఫ్యాను లోపల తీగె తొడుగు ఒరిసిపోయింది. కరెంటుకు భూమిలోకి దారి లేదు. ఆమెకు పందొమ్మిదేళ్లు.

సాయంత్రానికి జక్రయ్య గారు వెళ్లి తన చేతులతో ఆ గుంట తవ్వారు. మూడడుగుల లోతున ఉప్పు, అంగట్లో తూచి పోసినట్టు, గలగలలాడుతూ వచ్చింది. గుప్పెడు ఉప్పు చేతిలో పట్టుకొని ఆయన ఆ గోతి అంచున చాలా సేపు కూర్చున్నారని చూసినవారు చెప్పారు.

విచారణకు వచ్చిన అధికారి సౌమ్యులు. "ఇంట్లో వాళ్లు నీళ్లు పొయ్యకపోతే నువ్వేం చేస్తావయ్యా? నీ తప్పు లేదని రాస్తాను" అన్నారు.

"రాయండి బాబూ. గుమ్మం దాకా వెళ్లి కూడా బల్బు పెట్టి చూడలేదని కూడా రాయండి."

తప్పు లేదన్న మొదటి వాక్యం నివేదికలో ఉంది. రెండవది లేదు. ఎనిమిదేళ్ల తరువాత, వారి కోరిక ప్రకారం, ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆ తరువాతి జక్రయ్య గారు మన సెక్షనులోని చిన్నవారందరూ ఎరిగిన జక్రయ్య గారు. మాటలో మెత్తదనం పోయింది. ఏటా ఉగాది దాటిన నాటి నుంచి తొలకరి పడేవరకు, ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత కూడా, సైకిలుకు రెండు వైపులా నీళ్ల డబ్బాలు కట్టుకొని ఊళ్ల వెంట తిరిగేవారు. ప్రతి ఇంటి గుంటలో నీళ్లు పోసి, బల్బు పెట్టి చూసి గాని కదిలేవారు కాదు. పెరటి దారిన కాక వీధి వాకిట్లోంచే లోపలికి వెళ్లేవారు. అడ్డం చెప్పిన వాళ్లతో, "పూజయినా సరే, పెళ్లయినా సరే, నేను చూడాల్సిందే. లేదంటే ఇప్పుడే ఫ్యూజు పీకి జేబులో ఏసుకుని పోతా" అనేవారు. ఒకసారి అలాగే పీకుకొని వచ్చారు కూడా. పెళ్లి ఇల్లు చీకటి చేశాడని యలమందయ్య గారనే రైతు వ్రాసిన ఫిర్యాదు మన దస్త్రంలో నేటికీ ఉంది. ఆ దస్త్రంలో జక్రయ్య గారి మీద మొత్తం పదకొండు ఫిర్యాదులున్నాయి. వారి హయాంలో మళ్లీ ఏ ఇంట్లోనూ అటువంటి చావు జరగలేదు. ఈ రెంటిలో ఏది వారి గౌరవానికి చిహ్నమో చదువరులే నిర్ణయింతురు గాక.

అరవై నాలుగులో గుంటూరులో లైన్ ఇన్‌స్పెక్టరుగా పదోన్నతి వస్తే వద్దని వ్రాసి ఇచ్చారు. దగ్గుతో ఈ ఎండల్లో తిరిగే కంటే అక్కడ నీడపట్టున ఉండవచ్చు గదా అని ఎలీసమ్మ గారు బతిమాలినా వినలేదు. "ఏమయ్యా, ఊళ్లో వాళ్ల గుంటలన్నిటికీ నీళ్లు పోస్తావు, ఇంటికొచ్చి కాసిని మంచినీళ్లు తాగవు" అని ఆమె ఏడ్చిన రోజులు ఉన్నాయి.

ఒక్క ఇంటికి మాత్రం వారు వెళ్లలేదు. వెళ్లవలసిన పనీ లేకపోయింది. చెంచురామయ్య గారు కరెంటు తీసివేయించి తిరిగి కిరసనాయిలు దీపాలకు మళ్లారు. ఆ వీధి మొగకు వచ్చినప్పుడల్లా జక్రయ్య గారు సైకిలు దిగి, తల వంచుకొని నడిపించుకుంటూ దాటేవారు. పదవి నుంచి తప్పుకునే లోగా ఆ ఇంటి గడప ఒక్కసారి తొక్కాలని, తొక్కగలనో లేదోనని, ఈ ఏడాదంతా వారు మథనపడుతూనే ఉన్నారు.

ఈ ఏప్రిల్‌లో చెంచురామయ్య గారి నుంచి దరఖాస్తు వచ్చింది. మళ్లీ కరెంటు కావాలని, ఎర్తు గుంట మాత్రం జక్రయ్యే తవ్వాలని అందులో ఉంది. దరఖాస్తు జక్రయ్య గారికి చదివి వినిపించాము. మర్నాడు మన కొత్త వైరుమన్ దానయ్య గారిని వెంటబెట్టుకొని వెళ్లారు. తరువాత జరిగింది దానయ్య గారు చెప్పినదే.

వీధి వాకిట్లో నాంచారమ్మ గారు ఎదురు వచ్చారు. మనిషి సగమైపోయారు. పెరటి వైపు చూపించి, "ఆ రోజు నిన్ను ఆపింది నేనయ్యా" అన్నారు.

"ఆగింది నేనమ్మా" అన్నారు జక్రయ్య గారు.

గుంట అంట్ల రాయి పక్కనే తవ్వారు. బొగ్గు, ఉప్పు వరసలు పూర్తయ్యాక, నాంచారమ్మ గారు అంట్ల కుండలో ఉన్న ఎంగిలి నీళ్లు తెచ్చి, గొట్టం మీద తానే పోశారు. దానయ్య గారు బల్బు తగిలించారు. నిండుగా వెలిగింది. జక్రయ్య గారు దాని వంక చూడకుండా, అప్పట్లో ఫ్యాను ఉండే గది వైపు చూస్తూ నిలబడ్డారు. చెంచురామయ్య గారు వచ్చి, "కూర్చో జక్రయ్యా" అని అరుగు మీద చోటు చూపించారు. ఆయన కూర్చున్నారు, మంచినీళ్లు ఇస్తే తాగారు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒక్క మాటే మాట్లాడారట: "ఉంటే ఆ అమ్మాయికి ఇరవై ఏడేళ్లు."

తప్పు క్షమించబడిందని, భారం దిగిపోయిందని వ్రాస్తే ఈ వ్యాసానికి శోభగా ఉండేది. అది నిజం కాదు. సంచిక అచ్చుకు వెళ్లే ముందు ఏమైనా చేర్చమంటారా అని అడిగినప్పుడు వారు ఇలా అన్నారు: "నా పేరు ఏసే చోట మల్లేశ్వరమ్మ పేరు కూడా ఎయ్యండి. శాలువా గీలువా ఎందుకు గాని, ఎండాకాలం వస్తే ఆ గుంటలు చూసేదెవరు? నాకు అదే దిగులు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి జేబు మీదే ఉంది. మరునాడు ఆ పరీక్ష బల్బును గుడ్డలో చుట్టి దానయ్య గారికి అప్పగించారు.

కీర్తిశేషురాలు శ్రీమతి మల్లేశ్వరి గారి స్మృతికి అంజలి ఘటిస్తూ, శ్రీ దారా జక్రయ్య గారికిని, వారి అర్ధాంగి శ్రీమతి ఎలీసమ్మ గారికిని దగ్గు తగ్గిన రొమ్మును, నలత లేని దేహాలను, నిండు ఆయుర్దాయాన్ని ప్రసాదించవలసిందని వారు కొలిచే దేవుని, మేము కొలిచే దేవుళ్లను ప్రార్థిస్తున్నాము. అయ్యా, వచ్చే వేసవిలో మధ్యాహ్నం వేళ మీరు సైకిలు బయటికి తీయవద్దు. భోజనం చేసి, నీడపట్టున కాసేపు నడుం వాల్చండి. గుంటలకు నీళ్లు మేము పోస్తాము.