తవుడుకి అమ్మిన పిల్ల

పక్కింటిదాన్నని అన్నానండీ. అన్నాను, కాదనడం లేదు! అంతమాత్రాన తలుపు మొహం మీద వేసేస్తారా? "నర్సమ్మా, రూతు గారూ" అంటూ పొద్దుటి నుంచీ మీ వెనకాలే తిరుగుతున్నాను. తల్లి తప్ప ఇంకెవరూ పిల్లల వార్డులో ఉండకూడదంటారు. సరే. ఆ తల్లిని తీసుకురావడానికేగా మా ఆయన పామర్రు పరిగెత్తింది!

ఎప్పటికొస్తాడో. బొగ్గుబస్సాయె. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేదు. నిన్న వచ్చేటప్పుడూ ఇదే భాగోతం. ఉయ్యూరులో ఆగింది, కంకిపాడులో ఆగింది. క్లీనరు దిగి బొగ్గు ఎగదోస్తుంటే, ఇక్కడ నా ఒళ్లో ఇది డొక్కలెగరేస్తోంది. "బాబూ, నీ బస్సుకి ఊపిరి తరవాత పోద్దువు గాని, ఈ పిల్లకి ఆడటం లేదురా" అన్నాను. వాడికేం వినపడుతుంది?

కూర్చోమంటారా? ఎక్కడ కూర్చోనండీ, కాలు నిలిస్తేగా! అదిగో, ఆ దగ్గు దానిదే. ఇన్ని దగ్గుల్లోనూ నాకు తెలుస్తుంది.

ఏమిటీ, చెంచాతో పట్టినవన్నీ కక్కేస్తోందా? కక్కదూ మరి! చెంచా మొహం ఎరగదది. కడుపులో ఇన్ని పాలు నిలవకపోతే మందొక్కటే ఏం చేస్తుందని డాక్టరమ్మ గారు అంటున్నారా... అయ్యో.

నా రవికె కేసి అలా చూడకండి. తడిసింది. దాని ఏడుపు వినపడితే తడుస్తుంది.

మీరు చర్చికి వెళ్లేవాళ్లు, మా గోల మీకు నవ్వులాటగా ఉంటుందేమో. అయినా మా పక్కింటి శౌరమ్మ గారూ మీవాళ్లే, ఆవిడ నవ్వలేదు. ఆవిడ కన్నవాళ్లంతా బతికారండీ, దుక్కల్లా ఉన్నారు. మా ఇంట్లో మొదటివాడు పురిట్లోనే పోయాడు. రెండోది పాకే వయసులో పోయింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు మా ఆయన, నేసే నాడె మాత్రం ముట్టుకునేవాడు కాదు.

తరవాత ఇది. బొడ్డు ఊడగానే మా అత్త దీన్ని చేటలో పడుకోబెట్టి, గడప అవతల నిలబడ్డ శౌరమ్మ గారి చేతికిచ్చింది. చారెడు తవుడు పుచ్చుకుంది. అమ్మేశాం! అందుకే తవిటమ్మ అని పేరు. పుట్టువెంట్రుకలు తీయించిన రోజున మళ్లీ కొనుక్కోవాలి. అందాకా ఎవరడిగినా శౌరమ్మ గారి పిల్లే. పైనుంచి వచ్చేవాడు చౌడేశ్వరి పిల్లని వెతుక్కుంటూ వస్తాడటండీ. ఈ ఇంట్లో పిల్లే లేదంటే వెనక్కి పోతాడట.

చౌడేశ్వరి ఎవరా? నేనేనండీ.

అందుకే నిన్న మీరు "పిల్ల ఎవరిదమ్మా" అనగానే, నోటికి అలవాటైన మాట... "శౌరమ్మ గారిది, నేను పక్కింటిదాన్ని" అనేశాను. మీరు పిల్లని తీసుకుని లోపలికెళ్లిపోయారు. మా ఆయనైనా నోరు విప్పచ్చుగా? విప్పడు. భయం! "శౌరమ్మ గారిని తీసుకొస్తా" అని ఒకటే పరుగు. ఆవిడొచ్చి ఏం పట్టిస్తుందండీ, ఆవిడ ఆఖరివాడికే మీసాలొస్తుంటే!

నవ్వండి, పరవాలేదు. నాకూ వస్తోంది.

మా నాయన బడిపంతులు. ఏ సంగతైనా కథలో పెడితేగాని ఆయనకి తోచదు. తీతువు లేదూ? చావుపిట్ట అని అందరూ రాళ్లేస్తారు. పాపం, అది చేలో నేల మీదే గుడ్లు పెడుతుంది. కుక్క వస్తే గుడ్లకి దూరంగా పోయి అక్కడ గగ్గోలు పెడుతుంది. కుక్క అటు పరిగెడుతుంది, గుడ్లు దక్కుతాయి. "చూశావా తల్లీ దాని తెలివి" అనేవాడు. నేను చేసిందీ అదేగా!

కానీ ఆయన కథ అక్కడితో ఆపలేదండీ. ఇప్పుడు గుర్తొస్తోంది. "అట్లా ఎంతసేపు అరుస్తుంది నాయనా?" అన్నాను. "ఎంతోసేపు కుదరదమ్మా, గుడ్లు చల్లారిపోవూ? కుక్క చూస్తున్నా సరే, పోయి వాటి మీద కూర్చోవాల్సిందే" అన్నాడు.

ఏమిటీ? లోపలికి తీసుకెళ్తారా? డాక్టరమ్మ గారు మంచం దగ్గరే ఉన్నారా? పిల్ల ఎవరిదని అందరి ముందూ అడుగుతారా? ఊరికే తలూపితే చాలదూ? పోనీ మీరే చెప్పకూడదూ రూతు గారూ? ... అవునులెండి. నిన్న ఆవిడకి నేను పక్కింటిదాన్నని చెప్పిందీ మీరేగా. ఇప్పుడు మీరే తల్లంటే ఎవరు నమ్ముతారు? నా నోటితోనే అనాలి. సరిగ్గా ఆ ఒక్క మాటే!

ఉండండి. ఏడుపు వినపడటం లేదేం? ఇందాకటి దాకా గీపెట్టింది కదా! అలిసిపోయిందా?

రెండోదాన్నీ అలిసిపోయిందనే అన్నారండీ.

తియ్యండి తలుపు. తప్పుకోండి! డాక్టరమ్మ గారూ, ఇటు చూడండమ్మా. నేను పక్కింటిదాన్ని కాదు. అది నాదే. నా పిల్లే. నేనే కన్నాను, చౌడేశ్వరిని. ఇలా ఇవ్వండి దాన్ని.

రామ్మా... రా. ఊఁ, పట్టుకో. పట్టుకో తల్లీ.

అనేశాను, రూతు గారూ. వినేవాడెవడో వినే ఉంటాడు. ఏం చేస్తాం? వస్తే రమ్మనండి. ముందు దీని కడుపు నిండాలి. వాడితో తరవాత మాట్లాడతాను.