కబ్బన్ పార్కులో నుంచి ఆవును పిలిచిన దినం

“అవ్వా, బెంగుళూరులో ఏమేం సూసినావు?”

ఏం సూసినానా? అడిగినావు గదా, ఇంగ కూర్చో. ఆ ఫోను నా మూతికాడ పెట్టొద్దు, అరుగు మీద పెట్టు. మీ తాత యాడుండాడు? సేనికి పోయినాడా? అయితే అంతా సెప్తా. ఆయనుంటే మాటమాటకీ అడ్డమొస్తాడు, “అట్ల కాదే, ఇట్ల” అంటా.

నీకు తెలుసు గదా పాపా, మన పలమనేరు నుంచి బెంగుళూరు ఏమంత దూరం? మనూరోళ్లు తెల్లార్తో టమాటాలేసుకోని పోయి, సాయంత్రానికి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటారు. నేను మాత్రం ఇన్నేండ్లూ పోలా. ఈ ఇంటికి కాపురానికొచ్చినకాడ నుంచి సాయంత్రం పాలు పిండే యేళకి ఇంకో ఊర్లో ఉండింది లేదు. మా అక్క కూతురి పెండ్లిలో గూడా ఆకేసి పప్పు వడ్డించినాక లేసొచ్చి బస్సెక్కినా. మా అక్క ఇప్పటికీ దెప్పతాది. ఆ పెండ్లిలో జాంగిరీ పెట్టినారంట, నేను తినలేదు. సరే, అది ఇప్పుడెందుకులే. ఏం సెప్తా ఉండా? ఆఁ, ఆవు. ఇంతకు ముందున్న ఆవులు గూడా నా సెయ్యే మరిగినాయి, ఈ రాణి అయితే మరీ. మీ తాత దగ్గరికి పోతే తంతాది. మీ అత్త సుజాత కూర్చుంటే పొదుగు బిగబట్టుకోని గోడ తట్టు సూస్తాది. నా కోడలు మంచిదే, ఆవుకి నచ్చలా, నేనేం సేసేది?

మా తమ్ముడు బెంగుళూర్లో ఆటో తోల్తాడు గదా. వాడొచ్చి ఒకనాడు, “అక్కా, నువ్వు పోయినాక నిన్ను ఏమని తలుసుకునేది? ఆవు తోక ఇడిసిపెట్టలేదనా?” అన్నాడు. నాకు కడుపు మండింది. “వస్తా పోరా” అన్నా. ఒకనాడు పొద్దున్నే పాలు పిండి, పాల సెంటర్లో పోసి, నేనూ మీ తాతా బస్సెక్కినాము. సాయంత్రం పాలకి వచ్చేస్తానని మీ అత్తకి మాటిచ్చినా. మీ అత్తకి కాదులే, రాణికి. దాని గంగడోలు నిమిరి సెప్పినా.

మొదట లాల్‌బాగు. సెట్లు పెద్దపెద్దవి, పూలు శానా, అద్దాల ఇల్లంట ఒకటి, మన కల్యాణ మండపాలు నాలుగు పట్టేంత ఉండాది, లోపల ఒక్కరూ కాపురం లేరు. అవన్నీ ఉండాయి గానీ నా కండ్లు గడ్డి మీదనే. పచ్చంగా, మెత్తంగా, ఎకరాలెకరాలు! ఒక్క గొడ్డు లేదు! “దీన్నేం సేస్తారురా?” అంటే, “సూస్తారక్కా” అన్నాడు మా తమ్ముడు. గడ్డిని సూసేదేంది పాపా?

ఆడొక తోటమాలి మిషనుతో గడ్డి కోసి కుప్పలేస్తా ఉండాడు. నాకు ప్రాణం ఒప్పలా. “అన్నా, రోంత ఎత్తుకోనా?” అన్నా. ఆయనకి తెలుగొచ్చు, నవ్వి ఎత్తుకోమన్నాడు. మీ తాత భుజం మీద తువ్వాల లాక్కోని మూట కట్టినా. నేనెవరో తెలీనట్టు ఆయన బిరబిరా ముందుకు నడిసినాడు.

ఆడ నుంచి విధానసౌధకి పోతామని ఆటో ఎక్కితే, బండ్లు, బండ్లు. సీమ దూరే సందు లేదు. ఆడికి సేరేలోపలే పొద్దు వాలింది. గేటుకాడ పోలీసాయన మూట విప్పమన్నాడు. విప్పినా. సేత్తో కెలికి, పాపం, గట్టిగా తుమ్మినాడు. లోపలికి ఇడవరంట, బయట నుంచే సూడాల. రాతి మేడ, కొండంత ఉండాది. ఆ మెట్లు కడిగేవాళ్ల నడుములు ఏమైపోతాయో! అంత ఇంటికి వాకిట్లో కల్లాపి లేదు, ముగ్గు లేదు. “ఇంట్లో ఆడోళ్లు లేరా?” అని గట్టిగానే అన్నా. మీ తాత మళ్ల ముందుకు నడిసినాడు.

ఎదురుగానే కబ్బన్ పార్కు. దాంట్లో ఎర్రమేడ ఒకటి, అంతా పుస్తకాలంట. మా తమ్ముడు దాన్ని సూపిస్తా ఉంటే నేను కింద నా నీడ సూసినా. సాగిపోయుండాది. పాలు పిండే యేళ! ఇంగ నేను ఇంటికి సేరేదెప్పుడు? ఆ మేడ ముందర రాతి బెంచీ మీద కూలబడినా. ఏడుపొచ్చింది పాపా, అబద్ధమెందుకు. నా రాణి వాకిలి తట్టే సూస్తా ఉంటాది, పొదుగు సలపరిస్తా ఉంటాది, నేనేమో ఈడ పుస్తకాల మేడలు సూస్తా ఉండా! మీ తాతేమో బీడీ కాల్చుకోనొస్తానని సెట్టు సాటుకి పోయినాడు. మనిషికి గుండె ఉండాదా లేదా అనుకున్నా.

ఆయన తిరిగొచ్చిన కాసేపటికే ఫోను మోగింది. మీ అత్త. “అత్తా, రాణి ఎంతకీ పాలియ్యలేదు. దాని సెవికాడ ఫోను పెడతా, నువ్వొకసారి పిలువు” అనింది. నేను సిగ్గుపడే మనిషినా? “దా తల్లీ... దా నా బంగారు... ఇయ్యమ్మా ఇయ్యి... ట్ట ట్ట ట్ట” అని పిలిసినా, ఈడ కొట్టంలో పిలిసినట్టే. ఎవరిదో బొచ్చుకుక్క, తాడు ఈడ్చుకోనొచ్చి నా కాళ్లకాడ కూర్చునింది! పుస్తకాల మేడలో నుంచి పిలకాయలు బయటికొచ్చినారు. కాపలా ఆయన లాఠీ పట్టుకోని వచ్చి, “ఏమమ్మా, ఈడ అరవకూడదు” అన్నాడు. “ఆవుతో మాట్లాడతా ఉండా, గమ్మునుండప్పా” అన్నా. ఆయనది కోలారు పక్కన పల్లె, ఇంట్లో ఆవులుండాయంట. లాఠీ సంకలో పెట్టుకోని, “అంత మెల్లంగా పిలిస్తే యాడ వినబడతాది, ఇంకా గట్టిగా పిలువు!” అన్నాడు.

పిలిసినా. మీ అత్త “ఇచ్చిందత్తా!” అనింది. సుట్టూ ఉన్నోళ్లు సప్పట్లు కొట్టినారు. ఆ కాపలా ఆయన దండం పెట్టినాడు. బస్సులో వస్తా వస్తా మీ తాతకి ఎన్ని సెప్పినానో! నా గొంతుకి ఎంత విలువుండాదో సూసినావా అని. ఆయన కిటికీలో నుంచి బయటికి సూస్తా కూర్చున్నాడు.

తెల్లారి నాకు మెలకువ రాలా, అలిసిపోయుంటిని గదా. లేసి కొట్టంలోకి పోతే, నా పాత పచ్చచీర కట్టుకోని ఎవరో రాణి కింద కూర్చోనుండారు. మీ అత్త! రాణి నెమరేస్తా, సుబ్బరంగా పాలిస్తా ఉండాది. గడ్డి మూట మాత్రం అట్లే పడుండాది, ముట్టుకోనే లేదు.

ఏందే ఇది అంటే మెల్లంగా సెప్పింది. ముందునాడు గూడా ఆ చీర కట్టుకోనే పిండిందంట, నేను ఫోన్లో పిలిసేటప్పటికే పాలు సెంటర్లో పోసొచ్చిందంట. “మామ ఫోను సేసినాడత్తా. ‘మీ అత్త ఈడ కూర్చోని ఏడస్తా ఉండాది, ఒక్కసారి రాణిని పిలవమని అడుగు, లేకుంటే ఊరుకోదు’ అన్నాడు” అనింది. సూసినావా, బీడీ కాదు, బొగ్గు కాదు!

ఆ పూటంతా ఇద్దరితోనూ మాట్లాడలా. ఇన్నేండ్లు నేను లేకుంటే పాలే రావనుకున్నా గదా పాపా, నా చీర వాసన సాలిందంట. జాంగిరీ గుర్తొచ్చి ఇంకా మండింది. సాయంత్రానికి మీ తాత కాఫీ తానే కలిపి తెచ్చిచ్చినాడు, నీళ్లు నీళ్లుగా. తాగతా తాగతా నాకు తోసింది. చీర సాలితే మంచిదే గదా? నేను మైసూరు సూడొచ్చు. మద్రాసులో సముద్రం సూడొచ్చు. అందుకే ఆ చీర ఉతకొద్దని సెప్పి కొట్టంలో మేకుకి తగిలించినా.

నువ్వు సల్లంగుండల్ల తల్లీ. సదువుకో, ఉద్యోగం సెయ్యి, యాడికి పోవాలనుకుంటే ఆడికి పో. పెండ్లికి పోతే ఆకు ముందర నుంచి లేసి రావద్దు, జాంగిరీ తిను...

ఉండు. అరస్తా ఉండాది రాణి. పాలు పిండే యేళ గూడా కాలేదే. చీర ఆడనే ఉండాది గదా, మళ్ల ఎందుకు అరస్తా ఉండాది? నా గొంతు విన్నట్టుండాది... ఆఁ, వస్తా ఉండా తల్లీ, వస్తా ఉండా...