మా అక్క సిగ్గుతో చనిపోలేదు

వచ్చిన పెద్దలకు, అక్క దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళకు, మా బంధువులకు నమస్కారం. కుర్చీలు చాలక చాలామంది వరండాలో నిలబడ్డారు. క్షమించండి. ఇది సభల కోసం కట్టిన గది కాదు, డ్రైవింగ్ స్కూలు తరగతి గది. గోడల మీద ట్రాఫిక్ గుర్తుల పటాలు చూస్తున్నారు కదా, వీటి ముందు నిలబడే మా అక్క పాఠం చెప్పేది. మైకు లేకుండానే చివరి వరుసకు వినిపించేది. నాకు మైకు ఉంది. అయినా వినిపించకపోతే చెయ్యెత్తండి.

నేను ఆమె చెల్లెల్ని. లైబ్రరీలో పనిచేస్తాను. ఎక్కువ మాట్లాడక్కర్లేదనే ఆ ఉద్యోగంలో చేరాను. కాన్వెంటులో సిస్టర్లు ప్రతి ఏడూ నా గురించి "నెమ్మదైన పిల్ల" అని రాసేవారు. అక్క గురించి ఏం రాసేవారో ఇక్కడ చెప్పను, అమ్మ ముందు వరుసలో ఉంది. మా ఇంట్లో మాట్లాడే పని అక్కది, వినే పని నాది. ఇవాళ రెండు పనులూ నామీద పడ్డాయి.

మీరంతా ఆమెను బ్రేకు టీచరు అనేవారు. నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, దాని మీద నుంచి అక్క కాలు తీసేది కాదు. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోలేదు. టీవీలో కారు వేగంగా మలుపు తిరిగితే సోఫాలో కూర్చుని నేలను తొక్కేది. ఆటోలో వెనక కూర్చుని ఆటోవాడి బదులు తనే బ్రేకు వేసేది. "అమ్మా, మీరు తొక్కితే నా బండి ఆగదు" అని ఒకాయన దణ్ణం పెట్టాడు. నవ్వండి, పరవాలేదు. ఆమె ఉంటే ముందు తనే నవ్వేది.

ఇప్పుడు నవ్వురాని సంగతి.

ఈ పది రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్ళలో చాలామంది అమ్మ చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నారు. "ఆ ఫోటో బెంగతోనే పోయిందమ్మా, ఎంత కుమిలిపోయిందో." ఓదార్చాలనే అన్నారు. కానీ అది నిజం కాదు. అక్క తలలో ఒక రక్తనాళం చిట్లింది. అది పుట్టుకతోనే బలహీనంగా ఉందని డాక్టరుగారు చెప్పారు. ఆ ఉదయం కూడా ఒకావిడకు పార్కింగ్ నేర్పి, ఆవిడ స్తంభానికి గీసుకోకుండా కారు పెట్టినందుకు చప్పట్లు కొట్టింది. సిగ్గుతో కుమిలిపోయే మనిషి చేసే పనా అది? మా అక్క జబ్బుతో పోయింది. సిగ్గుతో పోలేదు. దయచేసి ఆ మాట ఇక అనకండి.

తెలియనివాళ్ళ కోసం ఒక్కసారి చెబుతాను. నిరుడు ఇక్కడ నేర్చుకునే ఒకాయనకు, పరీక్షకు ఇంకా సిద్ధం కాలేదని అక్క చెప్పింది. అద్దం చూడకుండా బండి తిప్పేవాడు. ఆయన కోపంగా వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు, బయట బోర్డు మీదున్న అక్క ఫోటో తీసుకుని, ముఖం అదే ఉంచి, ఒంటి మీద బట్టలు లేనట్టు ఎవరో కంప్యూటరుతో తయారుచేశారు. ఆయనేనని అక్క అనుమానం. అది నేను తేల్చను, కోర్టు తేల్చాలి.

ఆ బొమ్మ అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. ఎలా వెళ్ళింది? వెకిలిగా నవ్వేవాళ్ళు పంపితేనే వెళ్ళిందా? "పాపం, మన టీచరమ్మకు ఎంత ఘోరం జరిగిందో చూడండి" అని రాసి, కింద అదే బొమ్మ పెట్టి పంపారు. "ఆడపిల్లలున్నవాళ్ళు జాగ్రత్త" అని పంపారు. జాలి చూపించడానికి మాటలు చాలవా? బొమ్మ కూడా కావాలా?

అమ్మ తేలికైన దారి చెప్పింది. "అది నువ్వు కాదు, మిషను చేసిందని నలుగురికీ చెప్పెయ్యవే. మచ్చ పోతుంది." అక్క వినలేదు. ఎందుకు వినలేదో అప్పట్లో నాకూ తెలియలేదు.

తర్వాత చెప్పింది. ఆ వారంలోనే, కారు నేర్చుకుంటున్న ఒకమ్మాయి బండి పక్కకు ఆపి ఏడ్చిందట. ఆమె ఫోటో కూడా అలాగే తిరిగింది. కానీ అది మిషను చేసింది కాదు. నమ్మిన మనిషికి ఆమే పంపుకున్నది. "మీరు అబద్ధమని చెప్పుకోగలరు టీచర్, నేనేం చెప్పుకోను?" అందట. పేరు వద్దు గానీ తన సంగతి పదిమందికీ చెప్పమని ఆ అమ్మాయే అక్కకు అనుమతి ఇచ్చింది. ఇచ్చింది కనుకే చెబుతున్నాను. ఆమె ఈ గదిలో ఉందో లేదో నాకు తెలియదు. నేను ఎవరివైపూ చూడటం లేదు.

పోలీసు స్టేషనులో ఆఫీసరుగారు ఫోను తిప్పి చూపించి, "ఇది మీరేనా?" అని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. నేల చూస్తున్నాను. అక్క నేల చూడలేదు. "నేను కాదు సార్. నేనే అయినా ఇదే ఫిర్యాదు ఇచ్చేదాన్ని. నన్నడిగి పంపారా అని వాళ్ళను అడగండి" అంది. ఆయన ఫోను బోర్లా పెట్టి, కలం తీసుకున్నారు.

ఇంకొక్క సంగతి. ఇది చెప్పడానికి బాబాయ్ ఒప్పుకున్నాడు.

మా నాన్న పోయాక మమ్మల్ని చదివించింది బాబాయే. ఆ బొమ్మ తనకు వస్తే, కంగారులో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇప్పుడేం చేద్దాం?" అని అడిగాడు. అక్క ఫిర్యాదులో ఆయన పేరు కూడా చెప్పింది. ఇంట్లో పెద్ద గొడవ. "ఎత్తుకు పెంచినవాణ్ణే, నామీద కేసు పెడతావుటే!" అని బాబాయ్ గుమ్మంలోనే అరిచాడు. అక్క ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, "నువ్వు చెడ్డవాడివని రాయించలేదు బాబాయ్. పంపావని రాయించాను. పంపావా లేదా?" అంది. ఆయన టీ తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, "పంపాను" అన్నాడు.

మర్నాడు బాబాయ్ తనే వెళ్ళి, ఎవరికి పంపాడో, తనకు ఎవరు పంపారో వాంగ్మూలం ఇచ్చాడు. ఆ రెండోదే మాకు దారి చూపించింది. ఆయనకు పంపినాయన తనకు పంపినావిడ పేరు చెప్పాడు. అలా ఒక్కొక్కరినీ అడుగుతూ పోలీసులు వెనక్కి వెళ్ళారు. ఇక్కడ నేర్చుకున్నవాళ్ళంతా ఉండే ఈ స్కూలు గ్రూపు దాకా వచ్చి ఆ దారి ఆగిపోయింది. ఆ గ్రూపులో మొదట పెట్టిన నంబరు ఇప్పుడు లేదు. దాని వెనక ఎవరున్నారో చెప్పగలిగినవాళ్ళు ఇంకా చెప్పలేదు.

మా లాయరుగారు నాకు అర్థమయ్యేలా చెప్పింది ఇది. మనిషి ఒప్పుకోకుండా అలాంటి బొమ్మ తయారుచేసినవారూ బాధ్యులే, పంపినవారూ బాధ్యులే. కెమెరా తీసినా, యంత్రం గీసినా ఒకటే. ఏ ఉద్దేశంతో పంపారన్నది శిక్షలో తేడా తెస్తుంది. తనంత తాను వచ్చి నిజం చెప్పినవాళ్ళ సంగతి కోర్టు వేరుగా చూస్తుంది. ఎవరికీ ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. అక్క ఉన్నా ఇచ్చేది కాదు.

మొన్న, కేసులో పేర్లున్నవాళ్ళ తరఫున ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చారు. "పోయిన పిల్ల పరువు మళ్ళీ కోర్టులో ఎందుకమ్మా, వదిలేయండి" అన్నారు. అమ్మ నావైపు చూసింది. ఇంట్లో నేను మాట్లాడాల్సి రావడం అదే మొదటిసారి. "పరువు పోయింది మా అక్కది కాదండీ" అన్నాను.  తలుపు దాకా వెళ్ళి సాగనంపాను.

కేసు సోమవారం కోర్టుకు వస్తుంది. అక్క చెప్పాల్సిన సాక్ష్యం చెప్పడానికి అక్క లేదు. నాకు తెలిసినంత నేను చెబుతాను.  కానీ నాకు తెలియనిది మీలో కొందరికి తెలుసు. మీరు ఆ గ్రూపులో ఉన్నారు. ఆ నంబరు ఎవరిదో ఎరుగుదురు. అక్క అంటే మీకు ప్రేమ లేకపోతే ఇంత ఎండలో వచ్చేవారు కాదు. ఆ బొమ్మ ఎవరికీ చూపించక్కర్లేదు. ఎవరు పెట్టారో చెబితే చాలు.

తలుపు పక్కన నీలం చీరలో కూర్చున్నావిడే మా లాయరుగారు. సభ అయ్యాక చివరి మనిషి వెళ్ళేదాకా ఉంటానన్నారు. నేనూ ఉంటాను.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. లేవలేని పెద్దవాళ్ళు కూర్చోండి, పరవాలేదు. ఫోన్లు పక్కన పెట్టండి. ఆమె ముఖాన్ని, మీరు ఎరిగిన ముఖాన్ని, తలుచుకోండి. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం.

రెండు నిమిషాలే. ఆ తర్వాత, తెలిసినవాళ్ళు దయచేసి మాట్లాడండి.